ఒక్క తల్లి మోయు భారము

(ధ్యానమునకు: సంఖ్యాకాండము 11:10–17, మార్కు సువార్త 7:31–37)



ఇశ్రాయేలీయులను అరణ్యములో నడిపించుచున్న మోషే ఒక దినమున మిక్కిలి అలసిపోయెను. దాది పసిబిడ్డను మోసినట్లు ఇంత జనమును తానొక్కడే మోయలేనని, ఇట్లు మోయుటకన్న చచ్చిపోవుటయే మేలని దేవునితో చెప్పుకొనెను. ఆ మాట విని దేవుడు అతనిని కసరలేదు. నీ ప్రేమ చాలదని గాని, నీ విశ్వాసము కొరవడినదని గాని అనలేదు. డెబ్బదిమంది పెద్దలను పోగుచేయుమని చెప్పి, ఆ భారములో వారికిని పాలు పంచెను. ఈ భాగమును మనము సాధారణముగా సంఘ పెద్దలను ఏర్పరచుకొను దినమున చదువుకొందుము. ఈ నెల దీనిని కొన్ని ఇండ్లలోని తల్లులను తలంచుకొని చదువవలెనని మా కోరిక.

పాతపట్నము చుట్టుపట్ల గ్రామములలోను, మహేంద్రతనయ ఆవల పర్లాకిమిడి వైపునను, ఎదిగిన బిడ్డను ఇంకను పసిబిడ్డవలె సాకుచున్న తల్లులు కలరు. ఆ బిడ్డకు ఇరువది యేండ్లో ముప్పది యేండ్లో ఉండును. స్నానము చేయించవలెను. అన్నము కలిపి పెట్టవలెను. రాత్రి మూర్ఛ వచ్చునేమోయని మేలుకొనవలెను. తలుపు తీసియున్న యెడల రోడ్డుమీదికి పోవునేమోయని కావలి కాయవలెను. తండ్రి విశాఖపట్నమునకో చెన్నైకో పనికి పోయియుండును. ఉభాల దినములలో ఊరంతయు పొలములో నుండగా ఆమె మాత్రము ఇంటిలో నుండును. పెండ్లికి రాదు, తోడబుట్టినవాని భూస్థాపనకును రాలేదు. కొంతకాలమునకు గుడికి వచ్చుటయు మానును. అప్పుడు మనము, ఆమె భక్తి చల్లబడినదని చెప్పుకొందుము.

ఇట్టి తల్లి ఒకతె తన కడుపులోని గడ్డకు ఆపరేషను చేయించుకొనవలెనని డాక్టరు చెప్పినను, ఏండ్లకేండ్లు వాయిదా వేయుచున్నది. ఎందుకమ్మా అని మేము అడిగితిమి. ఆమె చెప్పిన జవాబు ఇది: "నాను ఆస్పటల్లో తొంగుంటే ఆడికి కూడెవులు ఎడతారు, అయ్యగారూ?"

ఈ ప్రశ్నకు సంఘము జవాబు చెప్పవలెను గదా! కనుక ఈ నెల మనము ఆలోచింపవలసిన సంగతి ఇది. అట్టి తల్లి కొన్ని దినములు విశ్రాంతి కోరుట ప్రేమలోపమా? ఆమె బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టుట తగునా? ఆ బిడ్డకే జబ్బుచేసి ఆస్పత్రిలో పడినప్పుడు వాని ప్రక్కను నిలువవలసినది ఆమె ఒక్కతెయేనా?

ముందుగా, మనము ఎవరిని గూర్చి మాటలాడుచున్నామో తెలిసికొనుట మంచిది. ఊరిలో వీరిని వెర్రివారందురు, పిచ్చివారందురు. అది తప్పు. పిచ్చి యనునది మనస్సునకు వచ్చు జబ్బు. అది ఎవరికైనను ఏ వయస్సులోనైనను రావచ్చును, మందులతో తగ్గనువచ్చును. వీరిది జబ్బు కాదు. వీరి బుద్ధి ఎదుగుదల చిన్ననాటినుండియే మందముగా నుండును, నేర్చుకొనుట ఆలస్యమగును. కొందరికి అది గర్భములోనే ఏర్పడును. కొందరికి కాన్పు సమయమున ప్రాణవాయువు అందకపోవుటచేతను, కొందరికి పసితనపు మెదడువాపు జ్వరముచేతను కలుగును. తల్లి ఆహారములో అయోడిను తక్కువైనను కలుగవచ్చును. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు సుమారు 15 లక్షలమంది అని తేలెను.

ఎవరి పాపమువలన ఇట్లు పుట్టెనని అడుగువారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఆ ప్రశ్నను శిష్యులే ప్రభువును అడిగిరి. పుట్టు గ్రుడ్డివాని విషయములో ఆయన, వీడును పాపము చేయలేదు, వీని కన్నవారును చేయలేదని తేల్చివేసెను. ప్రభువు మూసిన ఆ ప్రశ్నను మనము తిరిగి తెరువరాదు.

ఇక విశ్రాంతి మాట. "దేవుడు ఈ బిడ్డను నాకిచ్చెను గనుక నేనే చూచుకొనవలెను" అని ఆ తల్లియే చెప్పును. ఇది గొప్ప మాట. అయితే దేవుడు ఆమెకు బిడ్డను ఇచ్చెను గాని, ఒంటరితనమును ఇవ్వలేదు. ఒంటరితనము మనమిచ్చినది. నిర్గమకాండము 23వ అధ్యాయములో విశ్రాంతిదినపు ఆజ్ఞను చూడుడి. ఎద్దును గాడిదయు విశ్రమించునట్లు, దాసి కుమారుడును పరదేశియు సేదదీరునట్లు ఆ దినము ఏర్పడినది. అనగా విశ్రాంతి భాగ్యవంతులకు దొరకు బహుమానము కాదు. అలసినవారికి దేవుడు వ్రాసియిచ్చిన హక్కు. ఆదివారమున మన ఎద్దుల మెడనుండి కాడి దింపుచున్నాము. సంఘములోని తల్లి మెడమీది కాడిని ఇరువది యేండ్లుగా ఒక్క పూటయైనను దింపకపోయిన యెడల, మనము ఆ ఆజ్ఞను గైకొనుచున్నామని చెప్పవచ్చునా?

రెండవ అభ్యంతరము ఇంతకన్న బలమైనది. "వాడు నా చేతి అన్నము తప్ప తినడు. నేను కనబడకున్న ఏడ్చును." ఇది నిజమే. ఇట్టి బిడ్డలకు అలవాటు తప్పిన యెడల భయము కలుగును. అయితే ఈ మాట వెనుక ఇంకొక మాట దాగియున్నది. దానిని పలుగ్రామములలో పలువురు తల్లుల నోట మేము విన్నాము. "ప్రభువా, నాకన్న ఒక దినము ముందు వీనిని తీసికొనుము" అనునదే ఆ ప్రార్థన.

సహోదరులారా, ఒక తల్లి తన బిడ్డ చావును కోరి ప్రార్థించుచున్నది! ఆమెకు దేవునియందు నమ్మకము లేక కాదు. మనయందు నమ్మకము లేకయే. తాను పోయిన మరునాడు ఈ బిడ్డకు గంజి పోయువారు ఈ సంఘములో ఎవరును లేరని ఆమె లెక్కకట్టుకొన్నది. ఆ లెక్క తప్పని మాటలతో చెప్పిన ప్రయోజనము లేదు. ఆమె బ్రదికియుండగానే ఆ బిడ్డ ఇంకొకరి చేతి అన్నము తినుట ఆమె కన్నులార చూడవలెను. కాబట్టి విశ్రాంతి ఆమె కొరకు మాత్రమే కాదు, ఆ బిడ్డ కొరకును. ఆమె లేని కాలమునకు వాడు కొంచెము కొంచెముగా అలవాటుపడుట వానికి మేలు. ఆపద వచ్చిన రాత్రి క్రొత్తవారి చేతిలో పడుటకన్న, ఆపద రాకమునుపే పదిమందిని ఎరిగియుండుట మంచిది.

అట్లని ఎక్కడనో దింపి వచ్చుట విశ్రాంతి కాదు. దింపివచ్చుటకును కొన్నాళ్లు అప్పగించుటకును గల భేదమును స్పష్టముగా ఎరుగవలెను. అప్పగించిన బిడ్డ తిరిగి వచ్చు దినము ముందే నిశ్చయమై యుండును. తల్లి ఏ గడియను వచ్చి చూచినను తలుపు తెరచియుండును. దింపివేసిన చోట ఈ రెండును ఉండవు. తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కొరకు తీసికొనిపోయి ఉంచిన మనోరోగులను గొలుసులతో కట్టియుండగా, 2001 ఆగస్టు 6న నిప్పంటుకొని 28 మంది మరణించిరి. కట్లుండుటచేత వారు పరుగెత్తి తప్పించుకొనలేకపోయిరి. ఏ మతమువారి స్థలమైనను సరే, ప్రార్థన పేరట మనుష్యుని గొలుసుతో కట్టు చోటికి మన బిడ్డలను పంపరాదు. అట్టిది మన మధ్యనే ఉన్నయెడల మనమే మాన్పింపవలెను.

ఇప్పుడు ఆస్పత్రి సంగతి చూతము. మన జిల్లా క్రైస్తవులకు ఆస్పత్రి పరిచర్య క్రొత్తది కాదు. సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను ఆస్పత్రిని, అక్కడ కంటి ఆపరేషనులు చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ దొరగారిని మన పెద్దలు తలంచుకొనుచుందురు. ఆ పనికి తోడ్పడుటకై 1963లో కెనడాలో ఏర్పడిన సంస్థయే ఆపరేషన్ ఐసైట్. కంటి శుక్లము తీసినంతట చూపు వచ్చును; అందరును సంతోషించి స్తుతింతురు. అయితే బుద్ధిమాంద్యమునకు అట్టి ఆపరేషను లేదు. బాగుచేసి పంపుటయే ఆస్పత్రి పని యనుకొన్నచోట, బాగుకాని స్థితితో పుట్టినవాడు తక్కువవాడైపోవును. వానికి వచ్చిన జ్వరమును కడుపునొప్పియు కూడ "వీని తీరే అంత" అను మాటక్రింద మరుగైపోవును.

ఇది బీదదేశముల లోపము మాత్రమే అనుకొనవద్దు. ఇంగ్లండులో మెన్‌క్యాప్ అను సంస్థ 2007లో ఒక నివేదిక ప్రచురించెను. ఆస్పత్రుల ఉపేక్షవలన మరణించిరని కుటుంబములు మొఱపెట్టుకొన్న ఆరుగురి కథలు అందులో ఉన్నవి. వారిలో ఒకడు పక్షవాతముతో చేరి, మ్రింగలేక, 26 దినములు ఆహారము లేకయే ఉండి చనిపోయెను. పెద్ద ఆస్పత్రి, మంచములు, నర్సులు, మందులు, అన్నియు ఉన్నవి. ఇతడు తినుట లేదని గట్టిగా చెప్పు నోరు మాత్రము లేకపోయెను. తరువాత 2013లో అక్కడ జరిగిన విచారణలో, ఇట్టి పురుషులు ఇతరులకన్న సగటున 13 సంవత్సరములు, స్త్రీలు 20 సంవత్సరములు ముందుగా మరణించుచున్నారని తేలెను.

ఎందుకిట్లు జరుగును? నొప్పి ఎక్కడనో వారు చెప్పలేరు. కడుపు నొచ్చినవాడు తల గోడకు కొట్టుకొనవచ్చును. పన్ను నొచ్చినవాడు అన్నపు కంచమును విసరివేయవచ్చును. చూచువారు మొండితనమందురు. ఎరిగినవారు ఎరుగనివారికి చెప్పకున్న యెడల డాక్టరునకు తెలియు మార్గము లేదు. వీరికి తోడుగా వచ్చు జబ్బులును కలవు. డౌన్ సిండ్రోమ్ అను స్థితితో పుట్టిన శిశువులలో దాదాపు సగముమందికి గుండెలో లోపముండును. గనుక పుట్టిన వెంటనే గుండె పరీక్ష చేయించవలెను. మూర్ఛ వీరిలో అనేకులకు ఉండును; ఆస్పత్రిలో చేరినప్పుడు ఆ మందు మరచినను, ఒక్కసారిగా మానినను అపాయము.

మార్కు 7వ అధ్యాయములో చెవిటివానిని, మాట సరిగా రానివానిని ప్రభువునొద్దకు తీసికొనివచ్చిరి. ప్రభువు వానిని జనసమూహములోనుండి ప్రక్కకు తీసికొనిపోయెను. వాడు వినలేడు గనుక ముందు వాని చెవులను, నాలుకను తాకి, తాను చేయబోవుదానిని వానికి తెలియు విధముగా తెలిపెను. వాని కొరకు నిట్టూర్చెను. తరువాతనే స్వస్థత. స్వస్థపరచుట మనకు చేతకాదు. ఆ మొదటి పని మాత్రము చేతనగును: గుంపు గోల లేని చోటికి తీసికొనిపోవుట, వానికి తెలియు రీతిగా చెప్పుట, తొందరపడకుండుట. వానిని ప్రభువునొద్దకు తెచ్చి వేడుకొన్నవారి పేరులు సువార్తలో లేవు. ఆ పేరులేని పనియే నేడు మన సంఘమునకు కావలసినది.

ప్రభుత్వము చేసిన ఏర్పాట్లను కూడ తెలిసికొని వాడుకొనవలెను. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. ప్రభుత్వ ఆస్పత్రులలో వీరిని ముందుగా చూడవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కనుక చీటీల వరుసలో నిలువలేని బిడ్డను ముందు చూడుమని అడుగుట బ్రతిమాలుట కాదు. జీతము లేకుండ చూచుకొను తల్లిని కూడ ఆ చట్టము సంరక్షకురాలని గుర్తించినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమును ఇట్టివారి కొరకే చేసిరి. కుటుంబము కష్టములో పడినప్పుడు ఆదుకొనుటయు, తల్లిదండ్రులు మరణించిన పిదప సంరక్షణయు దాని ఉద్దేశములలో ఉన్నవి. కొంతకాలపు వసతి కొరకు సమర్థ్ అను పథకమును, లక్ష రూపాయలవరకు వైద్యపు ఖర్చులకు నిరామయ అను బీమాను ఆ ట్రస్టు ఏర్పరచెను. బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిదప చట్టరీత్యా సంరక్షకుని నియమించు కమిటీకి జిల్లా కలెక్టరు అధ్యక్షులు. సదరం ధ్రువపత్రమున్న వికలాంగులకు మన రాష్ట్రములో 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయల పింఛను వచ్చుచున్నది. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఈ బిడ్డలకు నేర్పువారిని తరిఫీదు చేయుచున్నది.

ఇవన్నియు మంచివే. అయితే కొన్నాళ్లు ఉంచుకొను వసతులు పట్టణములలో వెదకవలసినవి. ఏజెన్సీ కొండ అంచుననున్న పల్లెనుండి మూర్ఛగల కుమారుని బస్సులో కూర్చుండబెట్టుకొని అంతదూరము పోవుటయే ఆ తల్లికి పెద్ద పరీక్ష. కనుక మన ప్రాంతములో మొదటి విశ్రాంతి గృహము మన వసారాయే కావలెను. ఇది జరుగని పని కాదు. బెల్జియము దేశములో గీల్ అను ఊరున్నది. అక్కడి గుడికి స్వస్థత కొరకు మనోరోగులను, బుద్ధిమాంద్యము గలవారిని తీసికొనివచ్చెడివారు. గుడిలో చోటు చాలక, ఊరి కాపురస్థులు తమ ఇండ్లలో వారికి చోటిచ్చిరి. అనేక వందల సంవత్సరములనుండి ఆ అలవాటు నేటికిని సాగుచున్నది. వారు డాక్టర్లు కారు, మనవంటి గృహస్థులు.

మన సంఘములు చేయదగిన పనిని వివరముగా చెప్పుదుము.

ప్రతి సంఘములోను ఇట్టి బిడ్డ ఉన్న ఇంటికి రెండు ఇండ్లు తోడుగా ఏర్పడవలెను. మొదట తల్లి దగ్గరనుండగానే వెళ్లి బిడ్డతో కూర్చుండవలెను. తరువాత ఒక గంట, ఒక పూట, ఒక రాత్రి. ఆడపిల్లను స్త్రీలే చూడవలెను. ఎవరును ఒంటరిగా తలుపు మూసికొని ఉండరాదు, ఇద్దరుండవలెను. ఈ నియమమును పాస్టరుకైనను సడలింపరాదు. మాట రాని బిడ్డకు కీడు జరిగిన యెడల వాడు చెప్పుకొనలేడు. గనుక మంచితనమును నమ్ముకొని జాగ్రత్తను విడువరాదు. ఆ పూట తల్లి ఏమి చేయవలెనో మనము చెప్పరాదు. గుడికి వచ్చిన సంతోషమే. ఊరక నిద్రపోయినను సంతోషమే. బదరీవృక్షముక్రింద చావుకోరిన ఏలీయాకు దూత ముందు ప్రసంగము చేయలేదు. రొట్టెను నిద్రను ఇచ్చెను.

ఆస్పత్రి కొరకు ఒక్క కాగితము వ్రాసి ఉంచవలెను. బిడ్డ పేరు, వయస్సు, వాడు మందులు, పడని మందు. మూర్ఛ ఎట్లు వచ్చునో. నొప్పి కలిగినప్పుడు ఏమి చేయునో. ఏమి తినునో, మ్రింగుట ఎట్లుండునో. దేనికి భయపడునో, ఏమి చెప్పిన శాంతించునో. ఎవరికి ఫోను చేయవలెనో. ఇంగ్లండు ఆస్పత్రులలో ఇట్టి కాగితమును ఇప్పుడు విరివిగా వాడుచున్నారు. చదువుకొన్న మన యౌవనస్థులు ఒక్క సాయంకాలములో వ్రాయగలరు. తల్లి చదువరి కాకపోయినను, ఆమెకు తెలిసినదంతయు అందులో ఉండును. మంచముమీద తలాపున దానిని కట్టిన యెడల డ్యూటీ మారిన ప్రతి నర్సుతోను ఆ కాగితమే మాటలాడును.

ఇట్టివారు శ్రీకాకుళములోనో విశాఖపట్నములోనో ఆస్పత్రిలో చేరిన యెడల, సంఘస్థులు వంతులవారీగా రాత్రి ప్రక్కన ఉండవలెను. పండ్లు తీసికొనిపోయి ప్రార్థనచేసి గంటలో తిరిగివచ్చుట మనకు అలవాటు. అది మంచిదే గాని ఆ రాత్రి తల్లి కన్ను మూయవలెను గదా! సామెతలు 31:8లో, మాటలాడలేనివారి పక్షమున నోరు తెరువవలెనని ఒక తల్లి తన కుమారుడైన రాజునకు బోధించెను. వార్డులో "ఇతడు నిన్నటినుండి తినలేదమ్మా, ఒకసారి చూడండి" అని నర్సమ్మతో మర్యాదగా, గట్టిగా చెప్పుటయే ఆ వాక్యమును నెరవేర్చుట.

"మా పనులే మాకు తీరవు, ఇదెక్కడి భారము" అని కొందరనవచ్చును. ఈ భారము క్రొత్తగా పుట్టినది కాదు. ఇప్పటికే ఊరిలో ఉన్నది, ఒక్కతె మోయుచున్నది. పదిమంది మోసిన యెడల వారములో ఒక్కొక్కరికి ఒక గంట. మోషే భారము డెబ్బదిమందికి పంచబడినప్పుడు అతడు చిన్నవాడైపోలేదు, ఆ పెద్దలు నలిగిపోలేదు.

రానున్న సంఘ కూటములో పెద్దలు మూడు ప్రశ్నలు అడుగుదురు గాక: మన గ్రామములో ఇట్టి బిడ్డ ఉన్న ఇండ్లు ఏవి? ఆ తల్లులలో ఎవరు తమ సొంత జబ్బును వాయిదా వేసికొనుచున్నారు? వారి గుమ్మము ఎక్కుటకు ఈ వారము ఎవరు సిద్ధముగా నున్నారు? కడుపులో గడ్డతో ఇంకను తిరుగుచున్న ఆ తల్లి పేరును మేము మా పెద్దలకు చెప్పియున్నాము. ఆమె ఆపరేషను దినములలో ఆ కుమారునికి అన్నము పెట్టుటకు ఇద్దరు స్త్రీలును, వానియొద్ద రాత్రి పండుకొనుటకు ఇద్దరు పురుషులును కావలెను. ఒక గృహిణి ఒప్పుకొన్నది. మిగిలిన ముగ్గురు ఇంకను ముందుకు రావలసియున్నది.